అనధికార కలుపుగోలుతనం

అన్ని బస్టాండ్లలోనూ విచారణ కిటికీ ఒకటుంటుంది. అక్కడ జనం ముందు విచారిస్తారు, తర్వాత విచారంలో పడతారు. మా ముప్పొలిమేర బస్టాండులో మాత్రం వరస తిరగబడి ఉండేది. విచారంతో వచ్చినవాళ్లు విచారించి, నవ్వుకుంటూ బస్సెక్కేవాళ్లు. ఆ గొప్పతనం కిటికీది కాదు, కిటికీ వెనక కుర్చీది. ఆ మాటకొస్తే కుర్చీది కూడా కాదు, పందొమ్మిదేళ్లుగా అందులో కూర్చున్న చెంగమ్మది.

నేను ఆ బస్టాండు కంట్రోలర్ని. పేరు అంతటిదే గానీ నా కంట్రోల్లో ఉన్నవి రెండే వస్తువులు: ఒక రిజిస్టరు, ఒక ఈల.

మాది మూడు రాష్ట్రాల పొలిమేరలు కలిసే ఊరు. ప్లాట్‌ఫారం మీద ఒకడు తుమ్మితే మూడు భాషల్లో 'చిరంజీవ' వినిపిస్తుంది. అలాంటి చోట చెంగమ్మ ఎవరినీ 'నువ్వెవరు' అని అడిగి ఎరగదు. "యాడికి పోవల్ల?" అనేది ఒక్కటే ఆమె ప్రశ్న. మనిషి నడక చూసి అరవంలోనో, సంచీ చూసి కన్నడంలోనో, దగ్గు విని ఉర్దూలోనో అడిగేది. చెవిటివాళ్లొస్తే చేత్తో గాలిలో స్టీరింగు తిప్పి, కనుబొమ్మలెగరేసేది. మైకు పట్టుకుంటే చాలు, కోలారు పోయే పెళ్లివారు వేలూరు బస్సులోంచి వాళ్లంతట వాళ్లే దిగిపోయేవారు.

మా బస్టాండులో రాజ్యాంగం అంటూ ఇంకొకటుంది. తువ్వాలు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు మీదైనట్టే. ఆపైన మీరు టీ తాగి, బీడీ కాల్చి, బావమరిదితో పోట్లాడి తీరిగ్గా రావచ్చు. అన్నదమ్ముల పొలంలో గట్టు జరిపేవాళ్లు కూడా సీటు మీద తువ్వాలు జరపరు. ఒకసారి ఒక శాసనసభ్యుడి తమ్ముడు నలభై కిలోమీటర్లు నిలబడి పోయాడు, పక్కనే చిరుగుల తువ్వాలొకటి దర్జాగా కూర్చుని ప్రయాణం చేస్తుంటే. ఆ తువ్వాలు విసిరినవాడు ఆవేళ అసలు బస్సే ఎక్కలేదని తర్వాత తెలిసింది.

ఇలా ఉండగా ప్రధాన కార్యాలయంలో 'వైవిధ్య, సమ్మిళిత, సాంస్కృతిక అనుసంధాన విభాగం' అనే కొత్త విభాగం పుట్టింది. మా దగ్గరికి ఉత్తర్వు వచ్చింది. కండక్టరు మస్తాన్ దాన్ని రెండుసార్లు చదివి, "మనకు వైద్యం చేస్తారంటనా సార్?" అన్నాడు.

"వైద్యం కాదురా, వైవిధ్యం."

"జబ్బు చెప్పకుండా మందేస్తారన్న మాట," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ బుధవారం వైవిధ్యాధికారి అభిజ్ఞానరావు గారు జీపులో దిగారు. ఇస్త్రీ మడత నలగని జుబ్బా, మెడలో ఎర్రతాడుకు వేలాడే గుర్తింపు కార్డు. మనిషి మంచివాడు. అది ఈ కథలో చివరిదాకా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మధ్యలో మరిచిపోయే అవకాశాలు చాలా వస్తాయి.

టైర్ల షెడ్డులో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "మిత్రులారా! ఇన్నాళ్లూ మీరు ప్రయాణికులకు సేవ చేశారు. సంతోషం. కానీ ఏ అస్తిత్వంలో నిలబడి చేశారు?" అని ప్రశ్నించారు.

"ఫుట్‌బోర్డు మీద నిలబడి చేసినా సార్," అన్నాడు మస్తాన్.

"ఆ సమాధానంలోని అమాయకత్వాన్ని నేను గౌరవిస్తున్నాను. అయితే మనం గమనించవలసిన మౌలికాంశం ఏమిటంటే, అనుభవించినవారికే అనుభవం అర్థమవుతుంది. కావున ఇకమీదట సేవ చేయువారి అస్తిత్వము, సేవ పొందువారి అస్తిత్వము ఏకీభవించవలెను."

అందులో మొదటి ముక్క అబద్ధం అనడానికి నాకు నోరు రాదు. పుండు ఎవరిదో నొప్పి వాళ్లకే తెలుస్తుంది. చిక్కల్లా ఆ మాటను ఫారంగా అచ్చు వేయించడంలో వచ్చింది. అస్తిత్వ పత్రంలో అరవైనాలుగు గళ్లున్నాయి. ఏదో ఒక్క గడిలో మాత్రమే టిక్కు పెట్టవలెనట. ఆస్తి పత్రాలు చూశాం, అస్తిత్వ పత్రం చూడడం అదే మొదలు. ఆస్తి లేకపోయినా బతకొచ్చు, అస్తిత్వం నాస్తి అంటే జీతం రాదని చెప్పారు. అందరం బుద్ధిగా కలాలు తీశాం.

మస్తాన్‌ది ముందు తేలింది. "మీరు ఉర్దూ అనుసంధానకర్త," అన్నారు అభిజ్ఞానరావు గారు.

"సార్, మా ఇంట్లో తాతకాడ్నించి అరవమే మాట్లాడేది. నాకు ఉర్దూలో తిట్టను కూడా రాదు."

"మీ పేరు మస్తానే కదా?"

"పేరు మస్తానే సార్. మాట అరవం."

"వ్యవస్థ మిమ్మల్ని పేరుతోనే గుర్తించింది. దాన్ని మనం నొప్పించకూడదు."

నేను కలం ఎడమ చేత్తో పట్టుకున్నాను. అంతే, వామహస్త అనుసంధానకర్తనయ్యాను. వామహస్తమో వామ్మో హస్తమో గానీ, యాభై రెండేళ్లుగా మా అమ్మ తిట్టి, అయ్యవారు కొట్టి మాన్పించలేని అలవాటుకు సర్కారు హోదా దక్కింది. కళ్లు చెమర్చాయి.

చెంగమ్మ పత్రం మీద పదకొండు టిక్కులున్నాయి.

"ఏమిటమ్మా ఇది?"

"మా నాయిన తెలుగు సార్, అమ్మ అరవం. సాకింది కన్నడం మాట్లాడే అవ్వ. పెరిగింది సాయిబుల వీధిలో. ఒక చెవి సగమే వినపడతాది, అందుకో టిక్కు. ఆడమనిషినని ఒకటి. మొగుడు పోయినాడని ఒకటి. తక్కినవి కూడా అబద్ధం కావు, కావల్లంటే ఊరంతా అడగండి."

"ఒక్కటే పెట్టాలమ్మా."

"ఒకదాంట్లో పెడితే తక్కినోళ్లు ఊరుకుంటారా సార్? మా అవ్వయితే పైనుంచి దిగొస్తాది."

కంప్యూటరులోకి ఎక్కిస్తే అది ఎర్రగా మారి 'చెల్లదు' అంది. అభిజ్ఞానరావు గారు నొచ్చుకుంటూనే చెప్పారు. "అమ్మా, మీలో వైవిధ్యం మరీ ఎక్కువైంది. అందువల్ల మీరు వైవిధ్యం కిందికి రారు."

అందరి పత్రాల్లోనూ కంప్యూటరు పచ్చగా వెలిగి మెచ్చుకున్నది ఒక్కటే. గుమస్తా ఏకాంబరానిది. అతను అరవైనాలుగో గడిలో, 'వర్తించదు' అన్నచోట టిక్కు పెట్టాడు.

చెంగమ్మకు ముప్పై రోజుల గడువిచ్చారు. ఆలోగా తహసీల్దారు దగ్గర ఏదో ఒక్క అస్తిత్వానికి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. లేకపోతే మూడువందల కిలోమీటర్ల అవతల ఉన్న టైర్ల గోడౌనుకు బదిలీ. రిటైరు కావడానికి ఆమెకింకా రెండేళ్లుంది.

"గోడౌనులో పని తేలిక చెంగమ్మక్కా," అన్నాను, ఓదార్పుగా ఉంటుందని.

"తేలికే. టైర్లతో ఏం మాట్లాడేది సార్?" అంది. "ఒకదాని మీద ఒకటి పడుకోనుంటాయి. వాటిని యాడికి పోవల్ల అని అడగను కూడా లేదే."

మర్నాడు విచారణ గదికి తాళం పడింది. దాని వరసలో ఏడు కౌంటర్లు లేచాయి. అన్నిటికన్నా ముందు సున్నా కౌంటరు, అందులో ఏకాంబరం. ప్రయాణికులు అక్కడ తమ అస్తిత్వం నిర్ధారణ చేయించుకుని, చీటీ తీసుకుని, సరిపోయే కౌంటరుకు వెళ్లాలి. నడవలేనివాళ్ల కౌంటరును ప్రత్యేక గౌరవంతో మూడు మెట్ల పైన ఎత్తుగా పెట్టారు. మెట్లు లేని దారి కావాలనుకున్నవాళ్లు మెట్లెక్కి వచ్చి చెబితే ఫిర్యాదు రాసుకుంటారు.

మొదటిరోజు రెండు పనసకాయలతో ఒక ముసలాయన వచ్చాడు. వేలూరు బస్సు ఎప్పుడని అడిగాడు. ఏకాంబరం పరీక్షించి, అరవం మాట్లాడతాడు గనుక రెండు, వయసు డెబ్బై దాటింది గనుక నాలుగు, రైతు గనుక ఐదు అని మూడు చీటీలిచ్చాడు. ముసలాయన పనసకాయలు మోసుకుంటూ రెండు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఐదుకు తిరిగాడు. ఐదో కౌంటరులో ఆయనను కూర్చోబెట్టి, వానలు పడకపోవడం గురించి సహానుభూతితో మాట్లాడారు. ఈలోగా ఆయన వెనకనుంచే వేలూరు బస్సు వెళ్లిపోయింది. దానికి ఈల వేసింది నేనే. ఎడమ చేత్తో పట్టుకుని.

నాకిచ్చిన ఎడమచేతి కౌంటరుకు వారం రోజులు పురుగు కూడా రాలేదు. అభిజ్ఞానరావు గారికి దిగులు పట్టుకుంది. "ఎడమచేతివాటం వారు ఇంకా భయంతో దాగి ఉన్నారు. మనం ఆహ్వానించాలి," అని నా కౌంటరు పైన పెద్ద ఎడమ చెయ్యి బొమ్మ గీయించారు.

జనం పిచ్చివాళ్లు కారు. ఆ బొమ్మ కింద మాత్రమే వరస లేదని రెండు రోజుల్లో కనిపెట్టేశారు. మూడో రోజు నుంచి ముప్పొలిమేర మొత్తం ఎడమచేతి ఊరైపోయింది. "నాది ఎడంచెయ్యే సార్, పుట్టుకతోనే, కావల్లంటే చూడండి," అని ఒకాయన ఎడమ చేత్తో సంతకం పెట్టబోయి, నా రిజిస్టరు మీద తేలును గీశాడు. నియమం ప్రకారం బస్సు వేళ చెప్పే ముందు ప్రతివాళ్లతోనూ నా జీవితానుభవం పంచుకోవాలి. అయ్యవారు కొట్టిన కథను రోజుకు రెండు వందలసార్లు చెప్పాను. చివరికి వస్తూ వస్తూనే, "అయ్యవారు కొట్టినాడులే సార్, తెలుసు. కోలారు బస్సెప్పుడు?" అనడం మొదలుపెట్టారు.

ఈ లెక్క చూసి అభిజ్ఞానరావు గారు చలించిపోయారు. 'ఈ ప్రాంత జనాభాలో నూటికి ఎనభైముగ్గురు వామహస్తులు. శతాబ్దాలుగా ఈ వాస్తవం మరుగున పడియున్నది' అని నివేదిక రాశారు. వారి గౌరవార్థం శనివారం నాడు కండక్టర్లందరూ టికెట్లు ఎడమ చేత్తోనే ఇవ్వాలని ఉత్తర్వు వేశారు.

తెలుగుదేశం ఎల్లల్లో ఎడమ చేత్తో ఏదైనా ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. శనివారం ఉదయం పదింటికల్లా నాలుగు బస్సుల్లో నాలుగు రకాల గొడవలు.

"ఏందయ్యా, ఎడంచేత్తో ఇస్తా ఉండావు? నేను నీ కంటికి ఎట్లా కనపడతా ఉండా?" అని ఒక పెద్దమనిషి మస్తాన్ మీదికి లేచాడు.

"గౌరవం కోసమప్పా, గౌరవం!"

"ఇదా గౌరవం? అయితే నేనూ ఎడం చేత్తోనే గౌరవిస్తా, చెంప చూపించు."

ఇంత జరుగుతున్నా బస్సులు ఎంతోకొంత సరిగ్గానే నిండుతున్నాయి. ఇది అభిజ్ఞానరావు గారి కంట పడింది. ఆరా తీస్తే సంగతి బయటపడింది. కుర్చీ పోయిన చెంగమ్మ, వేరుశనక్కాయల బండి పక్కనున్న పొడుగు బెంచీ మీద కూర్చుంటోంది. జనం సున్నా కౌంటరును చుట్టి వచ్చి ఆమె దగ్గర కూర్చుంటున్నారు. పనసకాయల ముసలాయనను ఆవేళ తర్వాతి బస్సెక్కించింది ఆమే. పైగా మధ్యాహ్నం పూట అక్కడ మస్తాన్‌కు ఉర్దూ నేర్పుతోంది. "'కహాఁ జానా హై' అనురా. తిట్టు మాదిరి అనేది కాదు, ప్రేమగా అను."

సాయంత్రానికి మెమో వచ్చింది. 'తాము ఏ అస్తిత్వమునందును నిర్ధారణ కాకయే, ఏ విధమైన అనుమతియు లేకయే, బెంచీపై సర్వజనులను కలుపుకొనిపోవుచున్నట్లు తెలియవచ్చినది. ఈ అనధికార సమ్మిళితమునకు సంజాయిషీ ఇవ్వవలెను.' ప్రజల భాషలో దీన్ని కలుపుగోలుతనం అంటారు. ఆ నేరానికి నా సర్వీసులో చూసిన మొదటి మెమో అదే.

చెంగమ్మ సంజాయిషీ ఒక్క ముక్క. "నేను ఎవురినీ కలుపుకోలేదు సార్. వాళ్లే వచ్చి కూకున్నారు. బెంచీ పొడుగుది."

తహసీల్దారు కార్యాలయానికి ఆమె నాలుగుసార్లు తిరిగింది. ఏ ధ్రువీకరణ అడిగినా వాళ్లు తక్కిన పది లేవని రుజువు తెమ్మన్నారు. ఇరవై తొమ్మిదో రోజు వచ్చేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని, వేరుశనక్కాయల ఆమెకు బస్సు వేళలు బట్టీ పట్టిస్తోంది. "నేను పోయినాక ఎవురన్నా అడిగితే చెప్పు. వేలూరుది రెండుంపావుకి. చెవిటాయన వస్తే చెయ్యి తిప్పి చూపించు."

సరిగ్గా ఆ మధ్యాహ్నమే అభిజ్ఞానరావు గారి జీపు మొరాయించింది. చిత్తూరులో నాలుగింటికి పెద్ద సమావేశం. నూటికి ఎనభైముగ్గురు వామహస్తుల నివేదిక అక్కడే చదవాలి. రెండింటి బస్సు తప్ప దారి లేదు. ఆ రోజు సంత. బస్టాండు కిటకిటలాడుతోంది. ఆయన నియమం తప్పే మనిషి కాదు. నేరుగా సున్నా కౌంటరుకు వెళ్లి వరసలో నిలబడ్డారు.

"ఫారం నింపండి సార్," అన్నాడు ఏకాంబరం.

ఆయన నింపడం మొదలుపెట్టారు. పుట్టింది నాగపూరు. తల్లిది మరాఠీ, తండ్రిది శ్రీకాకుళం. చదువు ఒడియావాళ్ల కటకంలో. కొంచెం నత్తి ఉంది, మాట మాటకూ ఊపిరి తీసుకుని ఆయన ఇన్నాళ్లూ దాన్ని దాచారు. అయిదో టిక్కు దగ్గర ఆయన కలం ఆగింది. ఏకాంబరం పత్రం తీసుకుని కంప్యూటరుకు చూపించాడు.

"చెల్లదంటా ఉంది సార్. ముప్పై రోజుల్లో తహసీల్దారు దగ్గర..."

"నాకు తెలుసు," అన్నారు అభిజ్ఞానరావు గారు. "రాసింది నేనే."

ఎటు పోవాలో తోచక బెంచీ దాకా వచ్చారు. చెంగమ్మ తలెత్తింది.

"యాడికి పోవల్ల సారూ?"

"చి... చిత్తూరు," అన్నారాయన. ఊపిరి తీసుకోవడం ఈసారి మరిచిపోయారు.

"అదో, వస్తా ఉండాది. ఈ జనంలో ఎక్కి పట్టుకోలేరు. కిటికీలోంచి తువ్వాలు వేసేయండి."

"నా దగ్గర తువ్వాలు లేదమ్మా."

"ఏదో ఒకటి వేసేయండి, బిన్నా, బస్సు వచ్చేసింది!"

ఆయన తడుముకుని, మెడలో ఎర్రతాడు తీసి గుర్తింపు కార్డును కిటికీలోంచి సీటు మీదికి విసిరారు. నలుగుర్ని నెట్టుకుని లోపలికి చేరేసరికి ఆ సీటులో టమోటాల బుట్టతో ఒకావిడ స్థిరపడి ఉంది. ఆయనను చూసి కార్డు అందించింది. "ఎవురిదో ఫొటో పడిపోయింటే తీసి పెట్టినా సార్. మీదేనా? బొమ్మలో ఇంకా బాగుండారు."

పేరు, హోదా, రక్తం గ్రూపు, గుండ్రటి ముద్ర, అన్నీ ఉన్న కార్డది. సీటు మాత్రం ఆపలేకపోయింది.

అప్పుడు బయటనుంచి, చెంగమ్మ భుజం మీది ఆకుపచ్చ అంచు తువ్వాలు గాలిలో తేలివచ్చి వెనక వరసలో ఖాళీగా ఉన్న ఒక్క సీటు మీద వాలింది. అప్పటికే దానిలో సగం కూర్చున్న కుర్రాడు నిప్పు మీద కూర్చున్నట్టు లేచాడు. "తువ్వాలు పడింది, జరగండప్పా," అని జనం దారి ఇచ్చారు. అభిజ్ఞానరావు గారు వెళ్లి కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఈ తువ్వాలు ఎవరిదో వీళ్లకు తెలుసా?"

"తెలీదు సార్. ఎవురిదైతేనేం?" అంది చెంగమ్మ. "ఎవురో ఒక మనిషి వస్తాడని తెలుసు. అంతే."

నేను ఈల వేశాను. బస్సు కదిలింది.

మర్నాడు శుక్రవారం, ముప్పయ్యో రోజు. ఉదయం పదకొండింటికి ఆయన తిరిగొచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. రెండు చేతుల మీద, ఉతికి ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ అంచు తువ్వాలు మడత. ఆ మడత మీద బదిలీ ఉత్తర్వు.

"నివేదిక చదివారా సార్?" అన్నాను.

"చదవనివ్వలేదు. అందరూ నవ్వారు," అన్నారు. తర్వాత చెంగమ్మ వైపు తిరిగి, "ఉత్తర్వు పైనుంచి వచ్చిందమ్మా. మీ సీటులో ఏకాంబరాన్ని వేశారు. సీటు ఖాళీగా ఉంటే చాలు, భర్తీ ఆపే అధికారం నాకు లేదు," అన్నారు.

విచారణ గది తాళం తీసే ఉంది. ఏకాంబరం గుమ్మం బయట నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. పన్నెండు దాకా రాహుకాలం. అతనికి భాష వర్తించదు, మతం వర్తించదు, ఊరు వర్తించదు గానీ రాహుకాలం మాత్రం వర్తిస్తుంది.

చెంగమ్మ ఉత్తర్వు తీసి వేరుశనక్కాయల బండి మీద పెట్టింది. తువ్వాలు విప్పి ఒకసారి దులిపింది. తలుపు వైపు పోలేదు. చుట్టూ తిరిగి, ఇన్నేళ్లూ జనం నిలబడిన వైపు, విచారణ కిటికీ ముందుకు వచ్చింది. చేతిలో తువ్వాలు ఉండచుట్టి, కింది సందులోంచి లోపలికి విసిరింది.

అది నేరుగా కుర్చీలో పడింది.

టమోటాల ఆవిడ బుట్ట దించింది. మస్తాన్ టికెట్లు కొట్టడం ఆపాడు. పన్నెండు దాటగానే ఏకాంబరం కుడికాలు పెట్టి లోపలికి వెళ్లి, కుర్చీ దగ్గర ఆగిపోయాడు. అతనూ ఈ ఊళ్లోనే పుట్టాడు.

"ఏమైంది?" అన్నారు అభిజ్ఞానరావు గారు.

"తువ్వాలు ఉండాది సార్."

"తీసి పక్కన పెట్టు," అన్నాను నేను. ఎలా అనగలిగానో నాకే తెలియదు, సర్వీసు అలాంటిది.

ఏకాంబరం నన్ను ఎంత జాలిగా చూశాడంటే, నేను నేల చూశాను. "నేను నిలబడతా సార్. రెండేండ్లే కదా," అన్నాడు.

అభిజ్ఞానరావు గారు లోపలికి వచ్చారు. తువ్వాలు మీదికి చెయ్యి చాచి, అంగుళం దూరంలో ఆపి, వెనక్కి తీసుకున్నారు. నిన్న చిత్తూరు దాకా కూర్చుని వెళ్లిన మనిషి ఆయన. ఉత్తర్వు తెప్పించుకుని, బల్ల అంచు మీద పెట్టి, దాని కింద రాశారు: 'క్షేత్రస్థాయి పరిశీలనలో సదరు సీటు ఖాళీగా లేదని తేలినది. కావున భర్తీ సాధ్యపడదు.' కారణం రాయాల్సిన చోట అరవైనాలుగు గళ్లు ఉన్నాయి. వాటి పక్కన తానే చేత్తో అరవై అయిదో గడి గీసి, టిక్కు పెట్టి, 'తువ్వాలు' అని రాశారు.

చెంగమ్మ లోపలికి వచ్చి, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, కూర్చుంది. మైకు తుడిచి, కిటికీ ముందున్న మొదటి మనిషిని చూసింది.

"యాడికి పోవల్ల?"

రెండింటి బస్సుకు అభిజ్ఞానరావు గారు వెళ్లిపోయారు. ఎక్కే ముందు బట్టల బండి దగ్గర ఆగి, తువ్వాలు ఒకటి అడిగారు. "ఏ రంగుది సార్?" అని వాడు అడిగితే, "ఏదైనా ఒకటే," అన్నారు.

నేను ఈల వేశాను. ఏ చేత్తో పట్టుకున్నానో ఎవరూ చూడలేదు.